తలుపు దిగే తీరు

పైకి లేచిన చెత్తబండి వెనక తలుపుకు ఇనుప ఊతాలు పెట్టి, నూనె ఒత్తిడితో దాన్ని ఎత్తే సిలిండరు పక్కనున్న వాల్వును విప్పుతున్నాడు 'మెల్లగా' బాబాయ్. షెడ్డులో అందరికీ ఆయన బాబాయే. ఏ పనికైనా "మెల్లగా, మెల్లగా" అంటాడు కనుక ఆ మాట ముందు వచ్చి చేరింది. పొట్టి మనిషి. మెడ భుజాల్లో ఎక్కడో దాక్కుంది. గోళ్ళ చుట్టూ నలుపు ఏ సబ్బుకూ లొంగక చర్మంలో కలిసిపోయింది.

నిన్న ఆ తలుపు దబ్బున పడింది. చెత్త ఎత్తే ఆవిడ సమయానికి వెనక్కి గెంతింది కాబట్టి బతికి బయటపడింది. ఇవాళ కూడా బండి దరిదాపులకు రాకుండా గోడవారన నిలబడి ఉంది.

"స్క్రూ కాస్త బిగించి పంపెయ్ బాబాయ్, సగం వీధులు మిగిలున్నాయి," అన్నాడు డ్రైవరు.

"బిగిస్తే పోయేదైతే నీతో చెప్పించుకుంటానా? ఆగు."

వాల్వు లోపలి నుంచి చీపురుపుల్ల కొసతో ఏదో తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పాత గొట్టం లోపల పెచ్చు లేచి కొట్టుకొచ్చిన రబ్బరు తునక, బియ్యపు గింజంత లేదు.

ఆవిడ దగ్గరికొచ్చింది. "ఇదా నన్ను చంపబోయింది?"

"ఇదే తల్లీ. తలుపు లేచేటప్పుడు నూనె ఈ పెద్ద దారిలోంచి ధారాళంగా పోతుంది. దిగేటప్పుడు తలుపు బరువే ఆ నూనెను వెనక్కి తోస్తుంది. అప్పుడు పెద్ద దారి మూసుకుపోయి, ఈ సన్న సందులోంచే రావాలి. సందు ఎంతో తలుపు జోరు అంత. నిన్న ఈ తునక అడ్డుపడి పెద్ద దారి మూసుకోలేదు, నూనంతా ఒక్కసారే వెనక్కొచ్చేసింది."

"మరి చెత్త బరువెక్కువైతే?"

బాబాయ్ ముఖం వెలిగింది. వేలి కొసంత స్ప్రింగు చూపించాడు. "బరువు పెరిగి నూనె గట్టిగా తోసిందనుకో, ఇది దారిని ఇంకాస్త మూస్తుంది. తగ్గితే తెరుస్తుంది. ఖాళీ అయినా నిండుదైనా దిగడం ఒక్కలాగే. ఎవరూ చెప్పక్కర్లేదు."

వాల్వు కడిగి, గొట్టం మార్చి, కొత్త నూనె పోశాడు. అందరినీ దూరం జరిపి, ఊతాలు తీసి డ్రైవరుకు చెయ్యి ఊపాడు. ఏనుగంత ఇనుప తలుపు, నిద్రపోతున్న పిల్లమీద దుప్పటి కప్పినట్టు దిగింది. తలుపుకున్న తొట్టి నిండా తడిచెత్త పోయించి మళ్ళీ ఎత్తి దింపించి చూశాడు. అంతే నిదానం. మీసాలు రాని వయసు నుంచీ చూస్తున్నదే, అయినా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "నా ముఖం ఇంతసేపు ఎప్పుడైనా చూశాడా ఈ మనిషి?" అని భార్య దెప్పేది ఊరికే కాదు.

ఆవిడకూ చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. తనే వెళ్ళి బండి వెనక మెట్టెక్కింది. "వెళ్ళొస్తాం బాబాయ్."

"మెల్లగా," అంటూ గోడవారన బల్లమీద కూర్చుని కమలాపండు వలవసాగాడు.

సాయంత్రం బండి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర స్టోరు గుమాస్తా నిలబడి ఉన్నాడు. బాబాయ్ గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడనుకున్నారట. భోజనానికి లేపబోతే లేవలేదట, అప్పటికే ప్రాణం పోయిందట. భార్య వచ్చి ఇంటికి తీసుకెళ్ళిందట.

డ్రైవరు చాలాసేపు స్టీరింగు వదల్లేదు. తర్వాత చెత్త దింపి తలుపు వదిలాడు. ఆవిడ ఆ పక్కనే నిలబడి, అది పూర్తిగా మూసుకునేదాకా చూసింది. చిన్న చప్పుడైనా కాలేదు.

గోడవారన బల్లమీద, వలిచిన తొక్కే దొప్పగా, సగం కమలాపండు అలాగే ఉంది.