పదిహేడో పెట్టె

పదిహేడో పెట్టె తాళం తీసి చూస్తే ఎముకల కుండ లేదు. గడ్డి మాత్రమే ఉంది. గడ్డంతా బయటికి లాగి మళ్లీ వెతికాను.

అది 1979 మే నెల. జనగామలో ఒక పాత దొరల గడీలో నడిచే చిన్న మ్యూజియాన్ని హనుమకొండకు మారుస్తున్నారు. డిగ్రీ చదివే నేను సెలవుల్లో ఆ పనికి కుదిరాను. వస్తువుకో నంబరు రాయడం, పాత చీర పేలికలు చుట్టి వరిగడ్డిలో సర్దడం, పెట్టెకు తాళం వేసి లిస్టులో సంతకం చేయడం. శ్రద్ధగా చేస్తే కొత్తచోట ఉద్యోగం ఇప్పిస్తానని మా పైఅధికారి రవీందర్ సారు అన్నారు. ఆ మాట పట్టుకునే బాపుతో పోట్లాడి నా పెళ్లి ఆపించుకున్నాను.

ఆ కుండలోవి జఫర్‌గఢ్ దిక్కు తవ్వకాల్లో దొరికిన ఎముకలు. ఎన్నో వందల ఏళ్ల కిందటి ఆడమనిషివి. శనివారం ఊడ్వడానికి వచ్చిన సోమక్క, అవి ఎవరివో నేను చెప్పగానే చీపురు కింద పడేసింది.

“ఏ తల్లి కన్న బిడ్డనో! నీళ్లల్ల కలిపెటోళ్లు లేక గిట్ల పెట్టెల పడ్డది. నేను కలిపి రానా బిడ్డా?”

నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు పరుగెత్తుతుంది. “పోయి కలిపిరా అక్కా, పుణ్యమంత నీకే” అని నవ్వాను. సాయంత్రం లోపల చూడకుండానే తాళం వేసి సంతకం గీకాను.

నేను పెట్టె తెరిచి చూసింది సోమవారం. సోమక్క పనికి రాలేదు. ఆమె ఇంటికి పరుగెత్తితే పక్కింటి ఎల్లక్క చెప్పింది.

“కాళేశ్వరం పోయిందమ్మా. దిక్కులేని మనిషెవ్వలో సచ్చిపోయిందట, బొక్కలు గోదాట్ల కలపాల్నని.”

ఆ రాత్రి అన్నం సయించలేదు. వీధిలో జీపు చప్పుడైతే పోలీసులే అనుకున్నాను.

మంగళవారం సారు లిస్టు పట్టుకుని ఒక్కో పెట్టె తెరిపించారు. పదిహేడో దాని తాళంచెవి కోసం గుత్తంతా రెండుసార్లు వెతికినట్టు నటించి, చివరికి తెరిచాను.

“కుండేది? ఎవరు తీశారు? పోలీసులకు రిపోర్టిస్తా!”

అప్పుడే సోమక్క లోపలికి వచ్చింది. చంకలో ఖాళీ కుండ.

“నేనే తీసిన సారూ. బొక్కలు గోదాట్ల కలిపిన. కుండ మీది, గందుకే తెచ్చిన.”

“ఎవరినడిగి తీసుకపోయినవ్?”

సోమక్క నా వైపు చూడనైనా లేదు. “ఆ బొక్కలామెనే అడిగిన. వద్దనలే.”

సారు మండిపడ్డారు. రేపటి నుంచి రావద్దని, రిపోర్టు ఆమె పేరు మీదే రాస్తానని అరిచారు. నేను ఊరుకుంటే చాలు, బతికిపోతాను. సోమక్క మాత్రం కుండకంటిన తడిని కొంగుతో తుడుస్తూ నిలబడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

“నన్నే అడిగింది సార్” అన్నాను. “నేనే పొమ్మన్న. చూడకుండ సంతకం పెట్టింది గూడ నేనే.”

సారు నా పేరు మీద ఎర్రగీత కొట్టి, ఇద్దరినీ బయటికి పొమ్మన్నారు.

గేటు దాటాక సోమక్క నా రెక్క పట్టి గుంజింది. ఆమె కళ్లనిండా నీళ్లు.

“ఏం పిల్లవే నువ్వు! నేనొక్కదాన్ని పోతే సరిపోతుండె గదా.”