అలిమేలమ్మ అడిగిన ఎముకలు

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. అలిమేలమ్మ మొండితనానికి రాజుల దాకా ఎందుకు, తిరువళ్ళూరు తెలుగు సంఘం పాస్టరు గుణశేఖర్ అయ్యగారే చేతులెత్తేశారు. ఆమె అడిగేది ఒక్కటే. కొడుకు దేవా ఎముకలు తనకు కావాలి. ఝార్ఖండ్ కొండల్లో, తను ఎన్నడూ చూడని ఊళ్లో, పేర్లకైనా తన నోరు తిన్నగా తిరగని మనుషుల మధ్య వాణ్ణి పూడ్చిపెట్టారు. తవ్వి తెమ్మంటుంది. తిరుత్తణి రోడ్డు పక్క సమాధుల తోటలో వాళ్ల నాయన తంగరాజు పక్కన జాగా ఉంది, అక్కడ పెట్టుకుంటానంటుంది.

దేవాను పంపింది మిషను వాళ్లు. కొండజనానికి సువార్త చెబుతానని ఉత్సాహంగా పోయాడు. వాళ్ల భాష నేర్చుకున్నాడు, వాళ్ల పిల్లల చేత అక్షరాలు దిద్దించాడు, మెదడుకెక్కిన మలేరియా జ్వరంతో అక్కడే పోయాడు. కబురు తిరువళ్ళూరు చేరేసరికి మట్టి కూడా ఇచ్చేశారు. ఆ వానల్లో శవాన్ని ఆపే దారి లేదట. తల్లికి చివరిచూపు దక్కలేదు. నవంబరులో సమాధుల పండగ వస్తే ఊళ్లో క్రైస్తవులంతా సున్నం బకెట్లూ, బంతిపూలూ, కొవ్వొత్తులూ పట్టుకుని తోటకు పోతారు. అలిమేలమ్మా పోతుంది. మొగుడి సమాధికి సున్నం కొట్టి, పక్కనున్న ఉత్తి నేలను చూస్తూ పొద్దుగూకేదాకా కూర్చుంటుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి సున్నం కొట్టుకోను ఒక సమాధైనా లేకపోవడం ఎంత అన్యాయమో, పడినవాళ్లకు చెప్పక్కర్లేదు, పడనివాళ్లకు చెప్పినా ఎక్కదు.

గుణశేఖర్ అయ్యగారు మంచివారే. మంచివాళ్లతో వచ్చే చిక్కేమిటంటే ప్రతి ఏడుపుకూ వాళ్ల దగ్గరొక ప్రసంగం ఉంటుంది.

"దేవుడి మనసు మొదట్నించీ అన్ని జనాల మీదే ఉండాది అలిమేలమ్మా," అని ఆయన మొదలుపెట్టేవారు. "అబ్రాహామును ఇల్లు విడిచి పొమ్మనింది ఎందుకు? ఆయన్ను పెట్టుకోని భూమ్మీది వంశాలన్నిటికీ మేలు చేయాలనే. యోనా పోనంటే గూడా ఇడిచిపెట్టినాడా? పట్టుకోని పోయి నీనెవెలో దించినాడు. రూతు ఎవురు, మోయాబు పిల్ల, పరాయి జాతిది. కడాకు ప్రకటన గ్రంథంలో చూడు, అన్ని భాషలోళ్లూ ఒక్క చోట నిలబడతారు. అంతెందుకు, నువ్వు గూడా అట్ల వచ్చినదానివే గదా?"

అదీ నిజమే. ఆమె తిరుత్తణిలో మగ్గాల ఇంటి పిల్ల. ఏటేటా కొండకు కావడి మోసే ఇల్లు వాళ్లది. తంగరాజును చేసుకుని బాప్తిస్మం తీసుకుంది. పుట్టింటి గడప అప్పుడే మూసుకుపోయింది. పేరు మాత్రం మార్చుకోనంది. అలిమేలమ్మగా పుట్టాను, అలిమేలమ్మనని తెలిసే యేసయ్య పిలిచాడు, మళ్లీ కొత్తగా పరిచయాలెందుకంది.

"అదంతా సరి అయ్యగారూ," అనేది ఆమె. "యోసేపు సంగతి చెప్పండి. పరాయి దేశంలో చచ్చిపోయినోడు. మోషే అంత జనాన్ని తోలుకోని పోతా, ఆ తొక్కులాటలో గూడా ఆయప్ప ఎముకల్ని మోసుకోని పొయినాడా లేదా? యోసేపుకొక న్యాయం, నా బిడ్డకొక న్యాయమా?"

"అబ్రాహాముకు దేవుడు చూపించిన దేశంలో ముందుగా సొంతమయింది ఏందో తెలుసు గదా? శారమ్మను పూడ్చను ఒక గుహ. ఆడనే పెట్టినాడు, ఊరికి మోసుకోని పోలేదు."

"ఆమె పక్కన ఆయప్ప గూడా పండుకున్నాడు గదయ్యా. నా బిడ్డ పక్కన ఎవురుండారు ఆడ?"

ఇక ఆయన ప్రసంగం మాని మిషను వాళ్లకు రాశారు. వాళ్లకు అభ్యంతరం లేదు కానీ, ఊరివాళ్లు ఒప్పుకోవాలన్నారు. ఆ ఊరి మనిషే ఒకడు, సోమ్రా అనేవాడు, కాట్టుపల్లి రేవు దగ్గర కాంట్రాక్టు పనిలో ఉన్నాడట. ఊళ్లో మాట్లాడి, ఆదివారం వచ్చి అమ్మకు జవాబు చెబుతాడన్నారు.

ఆ ఆదివారం అలిమేలమ్మ చర్చికి పోలేదు. వచ్చేవాడికి ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ కూర్చుంది. కాదంటే కాళ్లు పట్టుకోవాలా, చొక్కా పట్టుకోవాలా తేల్చుకోలేకపోయింది. తన కొడుకును మింగిన ఊరివాడికి మంచినీళ్లకు మించి ఇవ్వకూడదని మాత్రం గట్టిగా అనుకుంది. అనుకుంటూనే ఎసట్లో ఇంకో పిడికెడు బియ్యం ఎక్కువ పోసింది. వంకాయ పులుసు కూడా పెట్టింది. చేతులకు బుద్ధులు చెప్పడం ఎవరి తరం?

మధ్యాహ్నం వచ్చాడతను. నల్లగా, సన్నగా ఉన్నాడు. రోజూ హెల్మెట్ పెట్టుకునే నుదుటి మీద గీత పడి ఉంది. చెప్పులు బయట విడిచి, చేతులు జోడించాడు.

"అమ్మా, బాగుండావా? నేను సోమ్రాను."

అలిమేలమ్మ అతని ముఖంలోకి చూసింది. గొంతు పరాయిది. మాట మాత్రం తన ఇంటిది.

"ఈ మాట యాడ నేర్చుకుంటివప్పా?"

"దేవన్న దగ్గరే. ఇద్దరం కొండలన్నీ నడిచినాం. నాకు ఆయన మాట, ఆయనకు నా మాట."

కూర్చోమంది. నీళ్లిచ్చింది. తను అడిగేలోపలే అతను చెప్పేశాడు.

"మా ఊరోళ్లు ఒప్పుకున్నారమ్మా. ముందు ముసలోళ్లు కుదరదనిరి. మావోడు, మాతోనే ఉండాల అనిరి. మా అమ్మే లేచి, కన్నామె అడిగితే ఇయ్యకుండా ఎట్ల అనింది. అందరూ ఏడ్చినారు. పండగ లోపల నేనే పోయి తోలుకొస్తా."

గెలిచింది అలిమేలమ్మ. ఇన్నాళ్లూ ఎవరితో పోట్లాడిందో వాళ్లు పోట్లాడకుండానే ఇచ్చేశారు. కూడబలుక్కున్న మాటలన్నీ అక్కరకు రాకుండా పోయాయి. ఏం చేయాలో తోచక పళ్లెం తెచ్చి పెట్టింది. అన్నం వడ్డించింది.

సోమ్రా కళ్లు మూసుకున్నాడు. చేతులు కట్టుకుని గబగబా, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. "ప్రభువా, ఈ కూటికి స్తోత్రం. కూడు లేనోళ్లకు కూడు పెట్టు. తిరునిన్రవూరు పోయిన నాయన్ని పైలంగా ఇంటికి తోలుకోని రా. ఆమేన్."

పులుసు గరిటె ఆమె చేతిలోనే ఆగిపోయింది.

తంగరాజు తిరునిన్రవూరులో రైసుమిల్లులో పనిచేసేవాడు. పొద్దున రైలుకు పోయి సాయంకాలం రైలుకు వచ్చేవాడు. దేవాకు మాటలు వచ్చీరాని వయసులో అన్నం ముందు చెప్పుకోవడానికి ఆ ప్రార్థన కట్టి ఇచ్చింది అలిమేలమ్మే. ఒకరోజు తంగరాజు రైలు తప్పిపోతుందని పట్టాలు అడ్డంగా దాటాడు. ఇంటికి రాలేదు. మట్టి ఇచ్చిన మర్నాడు పళ్లెం ముందు కూర్చుని పిల్లవాడు అలవాటుగా అదే మాట అన్నాడు. ఆమె వాడి నోరు మూసేసింది. ఇంగ ఆ మాట అనొద్దు, నాయన రాడు అని అరిచింది. అప్పట్నించి వాడు అన్నం ముందు పైకి ఏమీ అనలేదు. పెదవులు కదిలించి తినేవాడు. మరిచిపోయాడనుకుంది.

"ఇది... నీకు ఎవురు చెప్పినారు?"

"దేవన్నే. మిగతా ప్రార్థనలన్నీ మా భాషలో చెప్పేవాడు. అన్నం ముందర మాత్రం ఇదే, మెల్లిగా అనుకునేవాడు. విని విని మాకు వచ్చేసింది. మా ఊర్లో అందరూ ఇదే చెప్తారమ్మా, పిల్లోళ్లు గూడా. ఇది చెప్పకుండా ఎవురూ ముద్ద ముట్టరు."

"అర్థం తెలుసునా?"

సోమ్రా సిగ్గుపడ్డాడు. "యేసయ్య తిరిగొస్తాడు గదా, దాని గురించి అనుకున్నాం. తిరునిన్రవూరు అంటే పరలోకం అని మా పెద్దోళ్లు చెప్తారు. దేవన్నను అడిగితే నవ్వేవాడు. మా అమ్మ కట్టిన ప్రార్థన, ఆమెనే అడగాల అనేవాడు. ఈ పొద్దు రైల్లో వస్తా బోర్డు చూసినా. తిరునిన్రవూరు అని హిందీలో రాసుండాది. గుండె ఆగినంత పనైంది. జనం దిగతా ఉండారు, ఎక్కతా ఉండారు."

అలిమేలమ్మకు నవ్వు వచ్చింది. దేవా పోయాక అదే మొదటి నవ్వు, అదీ నిలవలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి దిగిపోయింది. అలా ఏడుస్తూనే చెప్పింది, మిల్లు సంగతీ, రైలు సంగతీ, వాడి నోరు తను మూసిన సంగతీ.

అంతా విన్నాడు సోమ్రా. ముఖం చిన్నబోయింది.

"ఆయన రాలేదా అమ్మా?" అన్నాడు. "మా ఊరంతా అడగతానే ఉండామే. పూట తప్పకుండా అడిగినామే."

ఆ మాటకు అలిమేలమ్మ కరిగి నీరైపోయింది. ఈ తిరువళ్ళూరులో తంగరాజు పేరు ఎత్తేవాళ్లే లేరు. తిరుత్తణిలో ఆమె పుట్టింటివాళ్లు ఆయన బతికుండగానే ఆయన పేరు పలకలేదు. ముక్కూ ముఖం తెలియని మనుషులుండే కొండల్లో మాత్రం, గంజి కుండ దించిన ప్రతి ఇంట్లో, ఆయన క్షేమంగా ఇల్లు చేరాలని పిల్లా జెల్లా కళ్లు మూసుకుని అడుగుతున్నారు. అన్ని జనాలకూ మేలు అని అయ్యగారు చెబుతుంటే, మేలంతా ఇక్కడినించి అక్కడికే పోతుందనుకుంది ఇన్నాళ్లూ. తన బిడ్డను ఇచ్చుకుంది, వాళ్లు పుచ్చుకున్నారు, అంతే అనుకుంది.

"ఇంగ ఆపేయమని చెప్పనా?" అన్నాడు సోమ్రా.

"వద్దు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ అమ్మ గూడా చెప్తాదా?"

"చెప్తాది."

"అట్లయితే ఆమెకు అర్థం చెప్పు. నాయన బదులు బిడ్డ అనమను. తిరునిన్రవూరు బదులు కాట్టుపల్లి అనమను. మా ఆయప్ప రాలేదు, నా కొడుకూ రాలేదు. నువ్వన్నా పైలంగా ఇల్లు చేరాల నాయనా."

సోమ్రా తల వంచుకున్నాడు. మళ్లీ తల ఎత్తి, "పండగ లోపల పోయొస్తానమ్మా. దేవన్నను తెస్తా," అన్నాడు.

వాణ్ణి అక్కడినించి తవ్వితే ఏం తవ్వినట్టో ఆమెకు ఇప్పుడు తెలుసు. నోరు మూసి వాడి చేత మానిపించిన మాటను వాడు అక్కడ నాటుకున్నాడు. అక్కడే అది బతికింది.

"వాణ్ణి కదపొద్దు," అంది.

"అమ్మా?"

"కన్నామె అడిగితే ఇయ్యకుండా ఎట్ల అనింది గదా మీ అమ్మ. ఆమెకు చెప్పు, కన్నామె ఇంగ అడగదని."

అన్నం చల్లారిపోయింది. ఆ పళ్లెం తీసేసి వేడి అన్నం మళ్లీ వడ్డించింది. అతను తింటుంటే ఎదురుగా కూర్చుని, దాచుకోకుండా, పక్కింటికి వినపడేలా ఏడ్చింది. దేవా ఇక ఇంటికి రాడు. రావద్దన్నది తనే.