ఫిట్‌నెస్ లేని పసుపుపచ్చ కారు

టైర్ల దుకాణానికీ రంగుల దుకాణానికీ మధ్య ఉన్న ఆ ఖాళీ స్థలంలో ఎప్పుడు చూసినా పది పన్నెండు పాత కార్లు నిలబడి ఉండేవి. వాటిలో ఒక్కదానికీ ఫిట్‌నెస్ కాగితం ఉండేది కాదు. ఆ సంగతి అక్కడెవరూ దాచేవాళ్ళు కాదు. ప్రతి కారు ముందు అద్దం మీదా తెల్ల పెయింటుతో, గుండ్రటి అక్షరాలతో ‘ఫిట్‌నెస్ లేదు. ఉన్నది ఉన్నట్టు అమ్మబడును’ అని రాసి ఉండేది. కొన్నవాళ్ళు దాన్ని నడుపుకుంటూ పోవడానికి వీల్లేదు. టోయింగ్ బండికి కట్టి పరీక్షా కేంద్రానికి లాక్కుపోయి, బ్రేకుల దగ్గర్నుంచి పొగ దాకా అన్నీ చూపించుకుని, కాగితం చేతికొచ్చాకే రోడ్డెక్కించాలి. ఆ కాగితం రావడానికి ఎన్ని మరమ్మతులు పడతాయో ఎవరికీ తెలియదు. అందుకే అవి అంత చవక.

ఆ గుండ్రటి అక్షరాలు వదినవి. వ్యాపారం మొదట ఆవిడ మామగారిది. భర్త బళ్ళో లెక్కలు చెప్పుకునే మనిషి. ఆయనకి కారు బానెట్ ఎటువైపు తెరుచుకుంటుందో కూడా తెలియదు. అందుకని మామగారి తర్వాత ఆవిడా, మెకానిక్కు పని తెలిసిన మరిదీ కలిసి పగ్గాలు పట్టారు. మరిది రోజంతా కార్ల కింది నుంచి ‘వదినా, వదినా’ అని కేకలేస్తూ ఉండడంతో వీధి వీధంతా అదే పిలుపు పట్టుకుంది. ఆవిడ కన్నా ఇరవయ్యేళ్ళు పెద్దయిన టైర్ల దుకాణం ఆయనకీ ఆవిడ వదినే. ఒకసారి సొంత మొగుడు కూడా పరధ్యానంలో అలాగే పిలిచి నాలిక్కరుచుకున్నాడు.

ఈ వ్యాపారంలో వదినకి పంటికింద రాయిలా తగిలిన మనిషి ఒక్కడే. పరీక్షా కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసిన బ్రేకు సార్. అసలు పేరు ఎవరూ వాడేవారు కాదు. ఆయన లంచం ముట్టడు, సిఫార్సు వినడు, నవ్వడు. కొన్నవాళ్ళ తరఫున వదిన తీసుకెళ్ళిన ఒక నీలం కారుని ఏడుసార్లు వెనక్కి పంపాడు. ఏడోసారి కారణం, వైపరు రబ్బరు చివర గోరంత చిరిగిందని. ఎవరో టీ ఇవ్వబోతే కప్పు అంచు విరిగిందని తిప్పి పంపాడని కూడా చెప్పుకునేవారు. ఆయన రిటైరైన రోజున వదిన వీధిలో అందరికీ టీ ఇప్పించింది.

అలాంటి బ్రేకు సార్ ఆర్నెల్ల తర్వాత ఒక ఉదయం, గొడుగు పట్టుకున్న భార్యతో సహా గేటు తోసుకుని లోపలికొచ్చాడు. మరిది ఆయన్ని చూస్తూనే దగ్గర్లో ఉన్న కారు కిందికి జారుకుని, ఒకదాని కింది నుంచి ఇంకోదాని కిందికి పాకుతూ మళ్ళీ బయటికి రాలేదు. వదినకి మాత్రం దాక్కోవడానికి చోటు లేకపోయింది. ఉద్యోగం పోయాక కూడా తనిఖీకి వచ్చాడా ఏమిటనుకుంటూ ఎదురెళ్ళింది.

ఆయన తనిఖీకి రాలేదు. కారు కొనడానికి వచ్చాడు.

రెండు గంటలసేపు ఆ స్థలంలో ఒక్కో కారుకీ ప్రాణం పోయింది. ఆయన జేబులోంచి టార్చిలైటూ చిన్న సుత్తీ తీశాడు. మోకాళ్ళ కింద వార్తాపత్రిక పరుచుకుని ప్రతి కారు కిందికీ వంగాడు. ఒకటి ఎడమకి లాగుతుందన్నాడు, ఒకదాని స్టీరింగు ఒదులన్నాడు, ఇంకొకటి ఆయిలు తాగుతుందన్నాడు. అన్నీ నిజాలే కావడంతో వదిన తలూపుతూ వెంట నడిచింది. ఆయన భార్య మాత్రం ఒక పాత టైరు మీద కూర్చుని, గొడుగు కింద తీరిగ్గా కబుర్లు చెప్పింది. పెళ్ళయిన ఏడాది నుంచీ కారు కొందామని బయల్దేరుతూనే ఉన్నారట. వెళ్ళిన ప్రతిసారీ ఆయన ఏదో ఒక లోపం పట్టుకునేవాడట, ఇద్దరూ బస్సెక్కి ఇంటికొచ్చేవారట.

“ఆయన కంటికి ఈ లోకంలో ఫిట్టయిన వస్తువు ఒక్కటీ కనబడదమ్మాయ్. నన్నెలా పాస్ చేశారో నాకిప్పటికీ అర్థం కాదు,” అంది.

వదిన ఆపుకోలేక నవ్వేసింది.

కబుర్లు అయిపోయాక ఆవిడ లేచి అటూ ఇటూ తిరిగింది. వెనక గోడవారగా, పాత తలుపులూ బంపర్లూ కుప్పపోసిన చోట ఒక పసుపుపచ్చ కారు ఉంది. పండిన నిమ్మకాయ రంగు. దాని అద్దం మీద ఏమీ రాసి లేదు. ఆవిడ తలుపు తీసి డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది, ఒకసారి పైకీ కిందికీ ఊగి చూసింది, పైనున్న చిన్న అద్దం తనవైపు తిప్పుకుని కళ్ళజోడు సవరించుకుంది. తర్వాత తలుపు వేసుకుని, మోచెయ్యి కిటికీ మీద ఆనించి, ఏ రోడ్డు మీదో పోతున్నట్టు ఎదర గోడకేసి చూస్తూ కూర్చుంది.

బ్రేకు సార్ భార్యని వెతుక్కుంటూ అటు వచ్చి ఆగిపోయాడు. ఆ కారు చుట్టూ ఒక్కసారి తిరిగాడు. కిందికి వంగలేదు. టార్చిలైటు ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

“ఇది తీసుకుంటామమ్మా,” అన్నాడు.

ఆ కారు అమ్మకానికి పెట్టింది కాదు. పోయిన వారం తొందరపడి కొంది. కింద దట్టంగా నల్ల తారు పూసి ఉంటే ఏదో జాగ్రత్తపరుడి కారు అనుకుంది. ఆ ఉదయమే మరిది తలుపు కింది రేకుకి స్క్రూడ్రైవరు ఆనిస్తే పిడి దాకా లోపలికి దిగిపోయింది. తారు తప్ప అక్కడ ఇనుము లేదు. శనివారం తుక్కు కొట్టుకి పంపేద్దామని ఇద్దరూ అనుకుని మూడు గంటలు కూడా కాలేదు.

ఇక ఆవిడ మనసులో మెదిలిన మాట కూడా చెప్పుకోవాలి. ఉన్నది ఉన్నట్టు అమ్మడం ఈ వ్యాపారంలో తప్పు కాదు. పైగా కొంటున్నది ఎవరు? అందరికీ చుక్కలు చూపించిన బ్రేకు సార్. తుప్పు కారు కొని సొంత కేంద్రంలోనే ఫెయిలయ్యాడంటే వీధంతా ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుతుంది. నీలం కారు ఏడుసార్లు తిరిగిన తిరుగుళ్ళు ఒక్క దెబ్బతో తీరిపోతాయి. ఆ ఆలోచన ఆవిడకి భలే రుచిగా ఉంది. టీ కొట్టు కుర్రాడు అప్పుడే తెచ్చిచ్చిన టీ సగం అయ్యేదాకా దాన్ని చప్పరిస్తూనే ఉంది. ఈలోగా లోపల ఆ పెద్దావిడ కిటికీ అద్దం దించింది, ఎక్కించింది, మళ్ళీ దించింది. వదిన మిగిలిన టీ నేలమీద పారబోసింది.

“మీరు కింద చూడలేదు సార్.”

“అక్కర్లేదమ్మా.”

“చూడండి సార్.”

ఆయన గొంతు తగ్గించి అన్నాడు. “ముప్పై ఒక్క ఏళ్ళు తనిఖీ గోతిలో నిలబడి కార్లని కిందినుంచే చూశాను. ఈ ఒక్కదాన్ని పైనుంచి చూస్తే చాలనిపించింది. ఆవిడ ఎలా కూర్చుందో చూడు.”

“అందుకే అమ్మను సార్,” అంది వదిన. వెళ్ళి మరిది పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తెచ్చి, బట్టలకి మట్టి అంటుతుందని కూడా చూసుకోకుండా నేలమీద చతికిలబడి, తలుపు కింద రెండు పోట్లు పొడిచింది. ఎర్రటి పొడి జలజలా రాలింది. దాన్ని దోసిట్లో పట్టి ఆయన ముందు పెట్టింది. “ఆవిడ కూర్చునేది దీని మీద.”

బ్రేకు సార్ ఆ పొడికేసి చాలాసేపు చూశాడు. మొహం కందగడ్డలా అయిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఇంకొకడెవడైనా ఇలా చూడకుండా సంతకం పెట్టి ఉంటే ఆ పూటే ఇంటికి పంపేవాణ్ణని గొణిగాడు. వదినకి ఆయన్నెలా ఓదార్చాలో తెలియలేదు. ఇన్‌స్పెక్టర్లని ఓదార్చిన అలవాటు లేదు.

కారులోంచి మాత్రం పెద్దావిడ దిగలేదు. “దానికి మందు లేదా?” అని అడిగింది.

మందు ఉందని పక్క కారు కింది నుంచి మరిది గొంతు వినిపించింది. అక్కడున్నాడని అప్పటిదాకా వాళ్ళకి తెలియదు. కుళ్ళిన రేకంతా కోసేసి, కొత్త రేకు వేసి వెల్డింగు చెయ్యాలనీ, కనీసం రెండు వారాలు పడుతుందనీ, ఇంత పాత బండికి అంత శ్రమ ఎవరూ పడరనీ చెప్పాడు.

“మా ఆయన పడతారు. ఆర్నెల్ల నుంచి పనిలేక ఇంట్లో తలుపు గొళ్ళాలు తనిఖీ చేస్తున్నారు. నా వంటగదిని రెండుసార్లు ఫెయిల్ చేశారు,” అంది ఆవిడ.

మర్నాడు తొమ్మిది కొట్టేసరికి బ్రేకు సార్ గేటు దగ్గర ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో. అప్పుడు బయటపడింది అసలు విడ్డూరం. కారులో ఏ జబ్బు ఎక్కడుందో చెవితో విని చెప్పగల ఆ మనిషి జన్మలో ఒక్క బోల్టు బిగించి ఎరగడు. లోపం రాయడమే ఆయన పని. బాగుచెయ్యడం ఎప్పుడూ ఇంకొకరి పని. మరిదికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. గరుకు కాగితం చేతికిచ్చి తుప్పు రుద్దమన్నాడు. ఆయన చెమటోడ్చి రుద్ది చూపిస్తే, టార్చిలైటు వేసి ఎగాదిగా చూసి, “ఫెయిల్ సార్. మళ్ళీ తీసుకురండి,” అన్నాడు. మొదటి రోజు అలా నాలుగుసార్లు అన్నాడు. వదిన లోపలికెళ్ళి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది. బ్రేకు సార్ మాత్రం తప్పు ఎక్కడుందో కచ్చితంగా చూపించమని అడిగి, చూపించాక ఒప్పుకుని, మళ్ళీ రుద్దాడు.

మధ్యమధ్య విశ్రాంతికి లేచినప్పుడు ఊరుకునేవాడు కాదు. ఎవరైనా కార్లు చూడ్డానికి వస్తే పక్కన చేరి దేనికి ఏ లోపముందో ఏకరువు పెట్టేవాడు. తన బేరాలన్నీ మట్టికొట్టుకుపోతాయని వదిన తల పట్టుకుంది. అయితే మూడోరోజు ఒక బేకరీ ఆయన వచ్చి, ఆకుపచ్చ కారుకున్న ఐదు జబ్బులూ శ్రద్ధగా విని, ఇంతేనా, ఇంకేమీ లేవు కదా అని రెండుసార్లు అడిగి, ఎగిరి గంతేసినంత పని చేసి కొనుక్కుపోయాడు. తెలియని జబ్బుకి భయం గానీ తెలిసినదానికేముందని ఆయన వాదం. ఆ వారం ఇంకో రెండు కార్లు అలాగే పోయాయి. వదిన పెయింటు డబ్బా తీసుకుని, ఉన్నది ఉన్నట్టు అన్న మాట కింద, ఉన్నది ఏమిటో కూడా రాయడం మొదలుపెట్టింది.

మూడోవారం మొదట్లో పసుపుపచ్చ కారు తయారైంది. టోయింగ్ బండి వెనక వదినా, ముసలి దంపతులూ కేంద్రానికి వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో ఇప్పుడు బ్రేకు సార్ దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఉంది. ఆయన్ని చూడగానే కేంద్రంలో అందరూ లేచి నిలబడ్డారు. ఇక సంతకం పెట్టించుకుని రావడమే తరువాయి అనుకుంది వదిన.

ఆ అమ్మాయి గోతిలోకి దిగి గంటసేపు బయటికి రాలేదు. కొత్త వెల్డింగుని అంగుళం అంగుళం సుత్తితో కొట్టి చూసింది. చివరికి చేతులు తుడుచుకుంటూ వచ్చి, సార్ మొహంలోకి చూడలేక చీటీ ఆయన చేతిలో పెట్టేసింది. ఫెయిల్. వెనక నంబరు ప్లేటు మీద వెలగాల్సిన చిన్న దీపం వెలగడం లేదు.

వదిన ఒంటికాలి మీద లేచింది. ఇంత పెద్దమనిషికి ఆవగింజంత బల్బు కోసం కాగితం ఆపుతారా అని అడగబోయింది. ఈలోగా బ్రేకు సార్ మొహం చూసి మాట మింగేసింది. ఆయన నవ్వుతున్నాడు. పళ్ళు కనిపించేలా.

“చూశావా వదినా,” అన్నాడు. ఆ పిలుపు తన నోట్లోంచి వచ్చిందని కూడా ఆయనకి తెలిసినట్టు లేదు. “ఆ దీపం అందరూ మర్చిపోతారు. నేనూ మర్చిపోయాను. ఈ అమ్మాయి మర్చిపోలేదు.” చీటీ తిప్పి తిప్పి చదివాడు, మడిచి పై జేబులో పెట్టుకున్నాడు. ఆ అమ్మాయికి అప్పటికి ఊపిరి ఆడింది.

బల్బు అక్కడికక్కడే మార్చెయ్యొచ్చని వదిన చెప్పినా వినలేదు. అందరిలాగే వెనక్కి వెళ్ళి, అందరిలాగే మర్నాడు వరసలో నిలబడాలన్నాడు. నిలబడ్డాడు కూడా. మర్నాడు పదకొండు గంటలకి కాగితం చేతికొచ్చింది. భార్య దాన్ని చదవకుండానే చేతిసంచిలో వేసుకుని, ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. వదిన వెనక సీట్లో ఎక్కింది.

కేంద్రం గేటు దాటి కాస్త దూరం పోయేసరికి ఇంజను గావుకేకలు పెట్టడం మొదలుపెట్టింది. వెనక బండ్ల హారన్లు దానికి తోడయ్యాయి. ఇది ఎందుకలా అరుస్తోందని భార్య అడిగింది. బ్రేకు సార్ రెండో గేరులోనే బిగుసుకుపోయి కూర్చున్నాడు.

“మూడో గేరు వేయండి సార్,” అంది వదిన.

ఆయన నిజం చెప్పాడు. కేంద్రం ఆవరణ ఈ చివర నుంచి ఆ చివరికి యాభై చిల్లర అడుగులు. ఎప్పుడో కుర్రతనంలో లైసెన్సు తీసుకున్నాక, వేలకి వేల కార్లు నడిపాడు గానీ ఒక్కదాన్నీ రెండో గేరు దాటించే చోటు దొరకలేదు.

భార్య ఆయనకేసి తిరిగి చూసింది. స్టీరింగు మీద ఉన్న ఆయన మణికట్టు మీద చెయ్యి వేసింది.

వదిన ముందుకి వంగి, రెండు సీట్ల మధ్య తల పెట్టి మెల్లగా చెప్పింది. క్లచ్ పూర్తిగా తొక్కండి. గేరు న్యూట్రల్‌కి తెచ్చి వదిలేయండి. దానంతటదే మధ్యకొస్తుంది. ఇప్పుడు తిన్నగా పైకి. కంగారు లేదు. క్లచ్ మీద కాలు నెమ్మదిగా వదలండి.

కేక ఆగిపోయింది. కారు తేలిగ్గా, చప్పుడు లేకుండా సాగింది. పెద్దావిడ కిటికీ అద్దం పూర్తిగా దించేసింది. గాలికి ఆవిడ జుట్టు రేగి మొహం మీద పడుతున్నా సర్దుకోలేదు. టైర్ల దుకాణం వచ్చింది, పోయింది. రంగుల దుకాణం కూడా పోయింది. తమ గేటు దగ్గర నిలబడ్డ మరిది చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. దిగాలని వదిన చెప్పలేదు. ఇప్పుడు ఆపమంటే మళ్ళీ మొదటి గేరు నుంచి మొదలుపెట్టాలి.

రెండో కూడలి దగ్గర ఎర్ర దీపం పడ్డాక దిగింది. దీపం మారింది. పసుపుపచ్చ కారు ఒక కుదుపు కుదిపి, కేక వేసి, సర్దుకుని, మలుపు తిరిగింది. వదిన చెప్పుల దుమ్ము దులుపుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టింది. దూరంగా గేటు దగ్గర ఎవరో ఇద్దరు ఎర్ర కారు అద్దం మీది జబ్బులు వేలితో చూపిస్తూ చదువుకుంటున్నారు. ఆవిడ నడక వేగం పెంచింది.