కౌన్సిల్‌మన్ నెహెమ్యా గారి అసలు పేరు

మా ఆయన నెహెమ్యా, మేముండే ఇర్వింగ్ ఊళ్ళో సిటీ కౌన్సిల్‌కి రెండుసార్లు గెలిచారు. ఈసారి రాష్ట్ర అసెంబ్లీకి, అంటే టెక్సాస్ స్టేట్ హౌస్‌కి పోటీ. పోలింగ్ దగ్గరపడ్డాక ప్రత్యర్థి మనుషులు ఇంటింటికీ కార్డులు పంపారు. ‘ఇండియాలో ఈయన పేరు బ్రహ్మయ్య. ఓట్ల కోసం బైబిల్ పేరు తగిలించుకున్నాడు.’

నాకు ఒళ్ళు మండిపోయింది. మా దళిత క్రైస్తవుల ఇళ్ళలో పిల్లలకు రెండు పేర్లుండటం ఈనాటిదా? క్రైస్తవులమని రాస్తే ఎస్సీ రిజర్వేషన్ పోతుంది. అందుకే ఆయన బాపట్ల చర్చిలో నెహెమ్యా, బడిలో బ్రహ్మయ్య. అమెరికా పౌరసత్వం వచ్చినప్పుడు చర్చి పేరే రాయించుకున్నారు. ఈ మాట చెప్పేస్తే సరిపోయేది. కానీ చెబితే కులం బయటపడుతుంది. ఇన్నేళ్ళలో ఇక్కడి తెలుగువాళ్ళకు మేమది చెప్పలేదు.

ప్రచారానికి చందాలు పోగుచేసే వేణుమాధవ్, సంగతి ఊహించాడో లేదో గానీ, పామూ చావకుండా కర్రా విరగకుండా సలహా ఇచ్చాడు.

“సింపుల్ అన్నా. అమెరికా వచ్చాక కన్వర్ట్ అయ్యా, అప్పుడే పేరు మార్చుకున్నా అని చెప్పు. మనోళ్ళు ఇంకేం అడగరు.”

ఆయన తలూపారు. ఓటర్ల ముందు అభ్యర్థిని ప్రశ్నలడిగే సభకు వెళ్తూ, కార్‌లో ఆయన పక్కన కూర్చోవటమే నాకు కష్టమైంది. కన్నతల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఆమె పెట్టిన పేరును కాదనటానికి వెళ్తున్నాం మరి.

హాలు నిండిపోయింది. ముందు వరసల్లో అంతా మనవాళ్ళే. ఇంగ్లీషు రాని మా అత్తయ్య రూతమ్మ నా పక్కన కూర్చుంది. సభ నడిపే తెల్లాయన స్టేజీ మీద కార్డు చూపించి అడిగాడు.

“బ్రహ్మయ్యా, నెహెమ్యానా? మీ అసలు పేరేది?”

“నేను అమెరికా వచ్చాక...” అని మా ఆయన మొదలుపెట్టారు.

అత్తయ్య దిగ్గున లేచింది. ఆమెకు ఆ రెండు పేర్లే అర్థమయ్యాయి. ఒకప్పుడు కులం సర్టిఫికెట్ నిజమా కాదా అని ఊళ్ళోకి విచారణకు ఆఫీసర్లు వస్తే ఇలాగే లేచి నిలబడేదట. తెల్లాయనకు చేతులు జోడించింది.

“అయ్యా, ఆడి పేరు బ్రహ్మయ్యేనండి! మేం హిందువులమేనండి! ఆడి స్కాలర్‌షిప్ తీసెయ్యకండయ్యా!”

మా కులం సంగతి మనవాళ్ళందరికీ అర్థమైపోయింది. వేణుమాధవ్ ఫోన్‌లో తలదూర్చాడు. నేను గబగబా ఆమె చేయి పట్టుకుని కూర్చోబెట్టబోయాను. మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది.

మా ఆయన మైకుతోనే కిందికి దిగివచ్చారు.

“మా అమ్మ నా కోసం అబద్ధం చెబుతోంది,” అన్నారు ఇంగ్లీషులో. “ఇప్పుడు నేనూ అదే చేయబోయాను. మేం దళితులం. నెహెమ్యా నేను పుట్టినప్పుడు అమ్మ పెట్టిన పేరు. చదువు దొరకదన్న భయంతో బడిలో బ్రహ్మయ్యను చేసింది.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసల్లో కొందరు లేచి వెళ్ళిపోయారు.

“ఒప్పేసుకున్నావా నాయనా?” ఆ ఇంగ్లీషులో ‘నెహెమ్యా’ అన్న మాట విని అత్తయ్య ఆయన చొక్కా పట్టుకుంది. “మరి ఈ ఉజ్జోగం ఇస్తారా?”

“ఇవ్వరేమోనమ్మా. అయినా ఇక మనం అబద్ధం చెప్పొద్దు.”

ఆమె కొడుకు ముఖంలోకి కోపంగా చూసింది.

“నేను చెప్పబట్టే గదరా, నువ్వీ మైకు దాకా వచ్చింది!”