నూట పన్నెండో పేజీ

నేను ఒక గైడ్‌ని. పుస్తకాన్నని చెప్పుకుందామంటే పక్కనున్న పుస్తకాలు ఊరుకోవు. ఎం.ఏ. ఇంగ్లిష్ వాళ్ళని అమెరికన్ సాహిత్యం పేపరు గట్టెక్కించడానికి బెజవాడలో ఒక ఇరుకు సందు ప్రెస్సులో పుట్టాను. నన్ను రాసినాయన తన పేరు ఎక్కడా వేసుకోలేదు. ఆయన చేసిన తెలివైన పని అదొక్కటే. నాలుగు రోజుల్లో కావాలని ప్రెస్సువాళ్ళు పీకల మీద కూర్చుంటే, పాత గైడ్లు మూడు ముందేసుకుని నన్ను రాసిపారేశాడు. నాలో అన్నిటికన్నా పెద్ద వ్యాసం ఒక అమెరికన్ విషాద నాటకం మీద. ఆ నాటకాన్ని ఆయన చదవనే లేదు. ఈ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు.

కథ చిన్నదే. నది మీద జనాన్ని దాటించే పడవాయన ఒకడు. పక్కనే వంతెన కట్టేస్తారు. జనం వంతెనెక్కిపోయినా ఆయన మొండికేసి పడవ నడుపుతూనే ఉంటాడు. చివరికి వరదలో పడవతోపాటే పోతాడు. "ఏమీ తెలియని అమాయకురాలైన భార్య ఈ విషాదానికి బలైంది" అని నా నూట పన్నెండో పేజీలో ఉంది. చుట్టూ గీతలు గీసి మరీ అచ్చేశారు.

నా మొదటి యజమాని నన్ను పరీక్ష ముందురోజు కొని, పరీక్ష మర్నాడు అమ్మేశాడు. మా జాతికది మామూలే. తర్వాత కరుణ చేతికొచ్చాను.

కరుణ తెనాలి డిపోలో కండక్టరు. ముప్పై తొమ్మిదేళ్ళు. ఎప్పటికైనా నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పాలని దూరవిద్యలో ఎం.ఏ. కట్టింది. అన్ని పేపర్లూ పాసయింది, ఈ ఒక్కటే రెండుసార్లు తన్నేసింది. నలభై రావాల్సిన చోట ఒకసారి ముప్పై ఆరు, ఒకసారి ముప్పై ఏడు. గడువులో మిగిలింది ఇక ఒక్క అవకాశమే. ఇదీ పోతే ఎం.ఏ. మొత్తం గంగలో కలిసినట్టే. రెండుసార్లూ ఆమె రాసింది నన్నే, కామా కూడా వదలకుండా! ఆ పాపంలో నా వాటా ఎంతో మీరే తేల్చండి.

మూడోసారి ఇంకా గట్టిగా బట్టీ పట్టింది. రేపల్లెలో బస్సు ఆగే పావుగంటలో డ్రైవరు మస్తాన్‌కి నన్ను కంఠతా అప్పజెప్పేది. ఇంగ్లిష్ వినీ వినీ విసుగెత్తి, ఒకరోజు అతను కథ తెలుగులో చెప్పమన్నాడు. చెప్పింది. మస్తాన్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"పెళ్ళానికి తెలీదా? ఎవరు చెప్పారు కరుణమ్మా?"

"గైడులో ఉందన్నా."

"గైడుకేం తెలుసు! మా నాయన కృష్ణలో పడవ నడిపినోడు. ఆయన గుమ్మంలో చెప్పులిడిచే తీరు చూసి, ఆ రోజు ఎంతమంది ఎక్కారో చెప్పేసేది మా అమ్మ. ఈవిడకీ తెలిసే ఉంటది. నోరు మూసుకుని ఉంటది, అంతే."

నాకు తల కొట్టేసినట్టయింది. కరుణ మాత్రం ఆ వారం సెలవురోజున గుంటూరు లైబ్రరీకి పోయి నాటకం అడిగింది.

"నాటకమా? గైడు దొరకలేదామ్మా?" అన్నాడు లైబ్రరీ ఆయన.

డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు సెలవురోజులు చదివింది. నేను ఆమె సంచీలోనే ఉన్నాను. ఆఖరి రంగంలో ఆ భార్య గౌను జేబులో దాచిన టిక్కెట్లన్నీ బల్ల మీద పరుస్తుంది. మొగుడు కుంగిపోతాడని, రోజూ ఊళ్ళో ఎవర్నో ఒకర్ని బతిమాలి పడవెక్కించేది. తానే డబ్బులిచ్చి వాళ్ళతో కొనిపించి, వెనక్కి తీసుకున్న టిక్కెట్లు అవి. జనం ఇంకా వస్తున్నారనే నమ్మకంతోనే ఆయన వరదలోకి పోయాడు.

రోజంతా టిక్కెట్లు కొట్టే మనిషి ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది. "ప్రేమకొద్దీ ముంచేసింది పిచ్చిది" అంది.

కానీ పరీక్షలో ఏది రాయాలి? కంఠతా వచ్చిన వ్యాసమా, తన మాటా? మర్నాడు రేపల్లెలో మస్తాన్‌నే అడిగింది.

"నా ఇంగ్లిష్‌లో తప్పులు పడతాయన్నా. పోతే ఇంకో అవకాశం లేదు."

"గైడు ఇంగ్లిష్‌తో రెండుసార్లు పోయావు గదమ్మా. పోయేదేదో ఈసారి నీ ఇంగ్లిష్‌తో పో!"

ఆ సాయంత్రమే నా నూట పన్నెండో పేజీని ఈ చివర నుంచి ఆ చివరికి ఎర్ర సిరాతో కొట్టేసింది. మంట పుట్టింది, నిజమే. కానీ ఎన్నాళ్ళనుంచో మోస్తున్న అబద్ధం దిగిపోయింది. మిగిలిన పదిరోజులూ రోజుకో వ్యాసం సొంతంగా రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది.

పరీక్షరోజు నన్ను వరండాలో గైడ్ల కుప్ప మీద పడేసి లోపలికెళ్ళింది. మూడు గంటలు ఆ గుమ్మం వైపే చూశాను. విషాదానికి బాధ్యులెవరనే అడిగారట. బయటికొచ్చి నన్ను దులిపి సంచీలో వేసుకుంటూ, "నాకు తెలిసిందే రాశా" అని తనలో తను అనుకుంది.

అరవై ఒకటి!

ఉద్యోగం ఇంకా రాలేదు, దరఖాస్తులు పెడుతూనే ఉంది. ఈమధ్య బస్సులో రమ్య అనే ఎం.ఏ. పిల్ల గైడు అడిగితే, తను కొని సంచీలో పెట్టుకున్న నాటకం చేతికిచ్చి ముందు అది చదవమంది. చదివానన్నాకే నన్నిచ్చింది. వారం తిరక్కుండా ఆ పిల్ల నన్ను పట్టుకుని ఫుట్‌బోర్డు మీదనుంచే అరిచింది.

"అక్కా, దీన్ని రాసినాయన నాటకం చదవలేదా?"

ఇన్నేళ్ళలో నన్నెవ్వరూ అడగని ప్రశ్న అది. బస్సంతా తిరిగి చూసేలా నవ్వింది కరుణ. టిక్కెట్లు ఆపి, సీటు కమ్మీకి ఆనుకుని నిలబడింది.

"ఎట్లా కనిపెట్టావో చెప్పు" అంది.