ఎంగిలిపడని సభ

గస్తీ బోటువాళ్లు తన మొగుడు పాల్ వలను కోసేస్తుంటే ప్రేమమణి ఒడ్డున నిలబడి చూసింది. ఏరు సముద్రంలో కలిసే మొగ నుంచి కనుచూపు మేరంతా ఇక రక్షిత ప్రాంతమట, చిన్న పడవలు రాకూడదట. ఆ హద్దు గీత అవతల పెద్ద మరబోట్లు మాత్రం సముద్రం అడుగుదాకా ఊడ్చుకుపోవచ్చు. పాల్ పాత వల భుజాన వేసుకుని, తన చిన్న పడవలోనే గీత దాటి మరబోట్ల మధ్యకు వెళ్లాడు. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మొగుడు రాలేదు.

అప్పటినుంచి ప్రేమమణికి ఏడుపు రాలేదు, ఆకలి వేయలేదు. ఎవరైనా ముద్ద కలిపి పెడితే నమిలేది, అంతే.

ఇప్పుడా గీతను ఇంకా ముందుకు జరుపుతారట. దానికి ప్రజాభిప్రాయ సభ. ఎక్కడ? సికింద్రాబాద్‌లో! హద్దుల పటం గీసిన కంపెనీ అక్కడి తిరుమలగిరిలో ఉంది కాబట్టి సముద్రమే రైలెక్కి రావాలన్నమాట. ఊరు కదిలొచ్చింది. ఊరిపెద్ద యెషయా ప్రేమమణిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాడు. లాలాగూడ రైల్వే కార్మికులూ కొందరు విద్యార్థులూ తోడు నిలిచారు.

ఫంక్షన్ హాల్లో కంపెనీ తరఫున పృథ్వీ తెరమీద బొమ్మలు చూపించాడు. మనిషి మెత్తనివాడే, కడుపు కొట్టే మాటలు కూడా మెత్తగానే చెప్పాడు. చివర ఒక ఫొటో వచ్చింది. కిందటేడు కంపెనీ ఊళ్లో పెట్టిన సభ అది. షామియానా కింద విస్తళ్ల ముందు జనం. ముందు వరసలో పాల్, మారు వడ్డించుకుంటూ నవ్వుతున్నాడు. కింద ‘స్థానికుల సమ్మతితో’ అని రాసి ఉంది.

ప్రేమమణి ఆ నవ్వును చూసింది. లోపల ఏమీ కదల్లేదు. కదలనందుకే ఆమెకు భయం వేసింది.

"ముందు లంచ్ చేద్దాం, డిస్కషన్ తర్వాత," అన్నాడు పృథ్వీ. కెమెరా మనిషి అప్పటికే బిర్యానీ గిన్నెల పక్కన చేరాడు. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన జనం లేచారు.

"తినకండి," అంది ప్రేమమణి.

"ఆకలితో సత్తంటే ఏటి మాటాడతావే?" ఎరిక్ విసుక్కున్నాడు. అతను పాల్‌తో కలిసి వేటాడినవాడు.

"ఆడు తిన్నాడు. తిన్నోడి ఫొటో ఎట్టి, సముద్రం ఇచ్చేశాడని రాసుకున్నారు. నువ్వూ తిను, నీ బొమ్మా ఏత్తారు."

ఎరిక్ తెరవైపు చూశాడు. పళ్లెం బల్లమీద పెట్టేసి నేలమీద కూర్చున్నాడు. యెషయా కూర్చున్నాడు. హాలంతా కూర్చుంది.

వడ్డించే పర్వతాలుకు అర్థం కాలేదు. "ఏందమ్మా, తింటలేరు? సల్లారిపోతది." ఒక విద్యార్థి సంగతి చెప్పాడు. "గిదా కథ!" అన్నాడు పర్వతాలు. "మా బస్తీల సుత గిట్లనే బువ్వ పెట్టి ఫొటోలు దిగిన్రు. ఎన్కనే ఇండ్లు కూలగొట్టిన్రు." అతను గిన్నెలమీద మూతలు పెట్టడం మొదలుపెట్టాడు. మిగతా పనివాళ్లూ పెట్టారు.

పృథ్వీ ముఖం ఎర్రబడింది. "అంటే చేపలు బతకొద్దా? సముద్రాన్ని కాపాడొద్దంటారా?"

"ఎవరన్నారు బాబూ?" యెషయా లేచాడు. "సేప గుడ్లెట్టే కాలంలో మొగ మూసెయ్యండి. మా తాతల్నాడే మూసేవోళ్లం. ఆ కాలంలో ఎవడైనా వలేత్తే ఊరే లాక్కునేది. కాపలా మేవే ఉంటాం. మిగతా నీళ్లలో మమ్మల్ని బతకనియ్యండి. కంచె మాకేనా? సేను మేసే మరబోటోడికి లేదా?"

"గీత మేవూ కలిసి గీత్తాం!" అన్నారు జనం.

పోలీసులు వచ్చారు. "గిట్ల కూసుంటే నడ్వది, లేవుండ్రి!" యెషయానూ ప్రేమమణినీ వ్యాన్ ఎక్కించారు. ఎరిక్ తనంతట తనే ఎక్కాడు. అతని వెనక మరికొందరు. చోటు చాలనివాళ్లు నినాదాలిస్తూ పోలీస్ స్టేషన్ దాకా నడిచారు.

సాయంత్రానికి పర్వతాలు గిన్నె, పళ్లేలు పట్టుకుని స్టేషన్‌కు వచ్చాడు. "కంపెనీది కాదమ్మా. మా ఇంట్లదే."

ప్రేమమణి చుట్టూ చూసింది. ఎవరి చేతిలోనూ కెమెరా లేదు. పప్పన్నం కలుపుకుంది. మొదటి ముద్ద గొంతు దిగుతుండగా పాల్ కోసం ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే తింది.

"రేపు వదిలేత్తారంట," అన్నాడు యెషయా. "ఎక్కడికెళ్దాం?"

"మరబోట్ల రేవుకి. కంచె ఆళ్లకీ ఎయ్యాల," అంది ప్రేమమణి. పళ్లెం ముందుకు చాపి మారు అడిగింది.