తాడు కొస

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. విడవలూరు దగ్గర మా బడిలో పిల్లలందరూ ఎరిగిన సంగతే అది. దుర్గ దగ్గర మాత్రం ఆ కోపం పనిచేయలేదు.

వాళ్లమ్మ పేరమ్మ రొయ్యల షెడ్డులో పనికి కుదిరితే, పులికాట్ వైపు పల్లె నుంచి వచ్చి నాలుగో తరగతిలో చేరింది దుర్గ. నెల దాటినా ఎవరితోనూ ఆడదు. "దాన్ని కూడా పిలవండర్రా" అని రోజూ పిల్లల్ని గదమాయించేదాన్ని. వాళ్లు పాపం "దుర్గా, రావే" అని పిలిచేవాళ్లు. పిలిచినకొద్దీ ఆ పిల్ల గోడకు అతుక్కుపోయేది. ఆటకు పిలిస్తే ఏడ్చే పిల్లను నా పన్నెండేళ్ల సర్వీసులో చూడలేదు.

సోమవారం పేరమ్మ వచ్చింది. "బిడ్డ రోజూ ఏడస్తా వస్తా ఉండాది మేడం. ఈ వారం చూసి మా అమ్మ కాడికి పంపించేస్తా. బడి లేకున్నా ఆడ నిమ్మళంగా ఉంటాది."

నాకు ఒళ్లు మండింది. "బడి మానిపిస్తావా? అసలు ఇంట్లో ఏమంటోంది?"

"అందరూ కూలికి పిలస్తా ఉండారంట."

"కూలికా? ఆటకమ్మా."

పేరమ్మ నన్ను వింతగా చూసింది. వాళ్ల పల్లెలో ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు తాడు కొస ఇసకలో వదిలేస్తారట. ఊరివాళ్లు ఎవరైనా వచ్చి చెయ్యి వేయొచ్చు. చెయ్యి వేసినవాళ్లకు చేపల్లో వాటా.

"పేరు పెట్టి పిలిచేది కూలోళ్లనే మేడం. సొంత మనిషిని ఎవురన్నా పిలస్తారా?"

నెల రోజులుగా ఆ పిల్లను పరాయిదాన్ని చేసింది నేనే. సిగ్గేసింది. పిలవకపోతే వస్తుందా, చూడాలని కుతూహలం కూడా పుట్టింది.

మర్నాడు విరిగిన బల్లకు పొడుగాటి తాడు కట్టి, వరండా చివరికి లాగమని పిల్లలకు చెప్పాను. దుర్గను ఎవరైనా పిలిస్తే ఊరుకోనని ముందే బెదిరించాను. తాడు కొస ఆ పిల్ల కూర్చున్నచోటికి రెండు మూరల దూరంలో పడి ఉంది. బల్ల కదల్లేదు. తాడు లాగుతున్న పిల్లల్లో పెంచల్ దుర్గ వైపు చూసి నోరు తెరవబోయి, నన్ను చూసి మూసుకున్నాడు. నేను హాజరు పుస్తకం తిరగేస్తున్నట్టు నటిస్తూ ఓరకంట అటే చూస్తున్నాను.

దుర్గ లేచింది. వచ్చి తాడు పట్టుకుంది.

"అట్ట గాదు. అందరం ఒక్కసారే లాగాల" అంది గట్టిగా. ఆ గొంతు మాలో ఎవరమూ అంతవరకూ వినలేదు. బల్ల కదిలింది.

మధ్యాహ్నం చిక్కీలు పంచుతూ, "దుర్గా, నువ్వూ రా" అనబోయి నాలుక కరుచుకున్నాను. ఈలోపే దుర్గ పెంచల్‌ను పక్కకు తోసి చెయ్యి చాపింది.

"నా వాటా ఏది మేడం? రేపు ఏం లాగాల?"